తేమ చూసే మిషనూ, మా నాయనా

చాన్నాళ్ళ తర్వాత రాస్తున్నా. ఆఫీసు గోల కాదులెండి, ఒక సెకండ్ హ్యాండ్ కారు కొనబోయి మానుకున్న కథ. ఇందులో నేను చేసిన ఒక తప్పు పని కూడా ఉంది. నిజానికి అది చెప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నానేమో.

మాది పామిడి. అనంతపురానికీ గుత్తికీ మధ్యలో, పెన్న ఒడ్డున. బట్టల వ్యాపారానికి పేరున్న ఊరు, మాది మాత్రం సేద్యం, శెనక్కాయ. పెన్న ఒడ్డు అన్నానని పచ్చగా ఉంటుందనుకునేరు! ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో కనిపించేది ఇసుకే. జిల్లా మొత్తానికి ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ. అలాంటి చోట పుట్టినవాడు, అదీ ఏప్రిల్ ఎండలో, కారులో తేమ వెతుక్కోవడం ఏంటని మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది.

ముందు ఆ మిషన్ సంగతి చెప్తా. 2023లో ఆన్‌సైట్‌కని ఇంగ్లాండ్ వెళ్ళినప్పుడు మా టీంలో ఒకాయన పాత మోటార్‌హోమ్ కొంటుంటే నేనూ తోడు వెళ్ళాను. మోటార్‌హోమ్ అంటే వ్యాన్ మీద కట్టిన చిన్న ఇల్లు అన్నమాట, మంచం, పొయ్యి, బాత్రూం అన్నీ అందులోనే. పాతవాటిలో చాలా వాటికి లోపల చెక్క ఫ్రేము, బయట పల్చటి రేకు. కిటికీల చుట్టూ, పైకప్పు అతుకుల దగ్గర వేసిన సీలు కొన్నేళ్ళకి పగుళ్ళిస్తుంది. వాన నీళ్ళు మెల్లగా లోపలికి దిగుతాయి. లోపలి గోడ చూడ్డానికి కొత్తగానే ఉంటుంది, వెనక చెక్క మాత్రం పుచ్చిపోతుంటుంది.

ఆయన ఇంజను జోలికి కూడా పోలేదు. జేబులోంచి రెండు సూదులున్న చిన్న పరికరం తీసి, పైకప్పు మూలల్లో, కిటికీల కింద, బీరువా లోపల ఒక్కో చోటా గుచ్చి చూస్తూ పోయాడు. రెండు సూదుల మధ్య కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి తేమ శాతం చెప్తుంది అది. పొడి చెక్క కరెంటును బాగా అడ్డుకుంటుంది, తడి చెక్క తక్కువగా అడ్డుకుంటుంది, అంతే సూత్రం. 15 లోపు ఉంటే పర్లేదు, 20 దాటితే ఆలోచించాలి అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, అంకెను నమ్మకు, తేడాను నమ్ము అని. ఒకే గోడ మీద ఒక చోట 11, అడుగు దూరంలో 24 వస్తే అక్కడ ఏదో ఉన్నట్టే. వచ్చేముందు నేనూ ఒకటి కొనుక్కొచ్చాను. ఇంజనీర్లం కదా, పనికొచ్చినా రాకపోయినా వస్తువు ఉండాలి :)

సరే, అసలు విషయానికొస్తే, మా నాయనకి మోకాలి ఆపరేషన్ అయింది. చెకప్పులకి అనంతపురం తిరగాలి, బస్సు మెట్లు ఎక్కలేడు. నేనుండేది బెంగళూరులో. మా చిన్నాన్న కొడుక్కి డ్రైవింగ్ వచ్చు కాబట్టి ఇంట్లో ఒక కారు పడేద్దామనుకున్నాం. కొత్తది కొంటానంటే నాయన ఒప్పుకోలేదు. తెలిసినాయన ద్వారా ఒక డీలర్ దగ్గర కారు దొరికింది. 2019 మోడల్, తళతళలాడుతోంది, ధర చూస్తే మార్కెట్టు కంటే లక్ష తక్కువ. అడ్వాన్సు ఇచ్చేద్దాం అన్నాడు నాయన.

నాకు ఆ లక్ష దగ్గరే అనుమానం వచ్చింది. అది 2025 ఏప్రిల్. అంతకుముందు సెప్టెంబరులోనే విజయవాడలో బుడమేరు వరద. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలిన రోజులవి. సింగ్ నగర్ లాంటి చోట్ల బండ్లు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. అవన్నీ ఎటు పోయుంటాయి? మన ఇన్సూరెన్స్ లెక్క ప్రకారం రిపేరు ఖర్చు బండి ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద తీసేస్తారు. ఆ బండిని తుక్కు రేటుకి ఎవరో కొంటారు. కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి, వరద అంటే తెలియని ఊళ్ళో అమ్మితే అడిగేవాడుండడు. మా అనంతపురం కంటే మంచి చోటేముంది? పైగా 2019 నుంచి రాష్ట్రం మొత్తానికీ ఏపీ 39 ఒకటే సిరీస్ చేశారు. పాత రోజుల్లోలా 02 మనది, 16 కృష్ణా జిల్లాది అని నంబరు ప్లేటు చూసి చెప్పలేం.

మిషన్ బయటికి తీయగానే నాయన ముఖం మారిపోయింది.

"అదేనా? తేమ మిషన్ పెట్టే గదరా ఆ పొద్దు మన కాయకి కోత కోసినారు" అన్నాడు.

నాకు ఆ సంగతి గుర్తుంది. నేను ఇంటర్ చదివేప్పుడు. ప్రభుత్వ కొనుగోలు లెక్కలో శెనక్కాయకి తేమ 8 శాతం మించకూడదు. అంతకన్నా తేమ ఉంటే బూజు పడుతుంది, బూజుతో అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది, కాబట్టి నియమం సరైనదే. కానీ ఆ ఏడు ఒక వ్యాపారి మిషన్ 12 చూపించి మూటకింత అని తూకంలో కోసేశాడు. నాయన కాయ చెవి దగ్గర పెట్టి ఊపి, "గలగలమంటాంది సూడప్పా, ఎండినట్టే గదా" అని బతిమాలాడు. మిషన్ చెప్పినాక నువ్వెవరు అన్నారు. మర్నాడు అవే కాయలు ఇంకో చోట 8కి తూగాయి. అప్పటికే సగం మూటలు పోయాయి. ఆ డబ్బు నా ఫీజుకి అనుకున్నది.

"మిషన్ తప్పు కాదు నాయనా, దాన్ని ఎవరూ సరిచూడలేదు" అన్నాను. మా భాషలో చెప్పాలంటే బేస్‌లైన్ లేని రీడింగ్ అది. అందుకే ముందు మా చిన్నాన్న పాత కారు కార్పెట్ ఎత్తి కింద ఫోములో గుచ్చాను. మిషన్ చెక్క కోసం చేసింది, ఫోములో అది చూపించే శాతానికి అర్థం లేదు, పోల్చడానికి మాత్రం పనికొస్తుంది. నాలుగు చోట్లా అంకెలు దాదాపు అడుగునే ఉన్నాయి. మా ఎండలకి అలాగే ఉండాలి మరి.

తర్వాత డీలర్ దగ్గర కారు. ముందు ఎడమ సీటు కాళ్ళ దగ్గర 26. నాయన నా వైపు చూశాడు. తొందరపడకూడదు, ఏసీ నీళ్ళు పోయే పైపు మూసుకుపోయినా సరిగ్గా అక్కడే తడి చేరుతుంది. వెనక సీట్ల కింద 22, 23. డిక్కీలో స్టెప్నీ గుంటలో వేసిన ఫెల్టు 25. అన్ని చోట్లకీ ఏసీ పైపు పోదుగా!

"నిన్ననే వాటర్ వాష్ చేపించినాం సార్" అన్నాడు డీలర్. నిజమే కావచ్చు. నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో మిషన్‌కి తెలీదు. నా ఇంజనీరింగ్ అక్కడితో ఆగింది.

అప్పుడు నాయన, కర్ర పక్కన పెట్టి, మెల్లగా కింద కూర్చున్నాడు. సీటు జరిగే పట్టీ లోపలికి వేలు పెట్టి ఇంత మట్టి తీసి రెండు వేళ్ళ మధ్య నలిపాడు.

"ఇది మన నేల కాదురా. మన చేన్ల మన్ను ఎర్రగా, గరుగ్గా ఉంటాది. ఇది పిండి మాదిరి ఉండాది. ఏట్లో నీళ్ళు నిలబడి దిగిన ఒండ్రు."

ఆ తర్వాత వరసగా అన్నీ బయటపడ్డాయి. సీటు బెల్టు చివరిదాకా లాగితే కింది భాగంలో అడ్డంగా మట్టి చార. డ్యాష్ కింద వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుం. సీటు బోల్టులకి తుప్పు. చివరగా పాలసీ కాగితం చూశాను. ఆరేళ్ళుగా ఒకే ఓనరు, క్లెయిము లేకపోతే నో క్లెయిమ్ బోనస్ 50 శాతానికి చేరి ఉండాలి. అక్కడ సున్నా ఉంది. ఆర్సీలో ఆఫీసు ఏదో మీరు ఊహించగలరు. మీరెవరైనా పాత బండి కొంటుంటే మిషన్ లేకపోయినా పర్లేదు, ఈ నాలుగూ చూడండి. అన్నిటికంటే ముందు బోనస్ గడి చూడండి, దానికి పైసా ఖర్చు లేదు.

డీలర్ ఇంకో అరవై వేలు తగ్గిస్తానన్నాడు. మేం వద్దని వచ్చేశాం. దారిలో నాయన చాలాసేపు మాట్లాడలేదు. పామిడి దగ్గర పడ్డాక "మనం వద్దంటే ఇంకొకడు కొంటాడు గదరా" అన్నాడు. "మనకెందుకు నాయనా" అన్నాను. నేను చేసిన తప్పు పని అదే.

దసరాకి ఊరెళ్ళినప్పుడు బట్టల అంగళ్ళ వీధిలో ఆ కారు కనిపించింది. అద్దానికి నిమ్మకాయ, మిరపకాయలు. నంబరు నాకు గుర్తే. ఒక కుర్రాడు, నా వయసే ఉంటుంది, డిక్కీలో నైటీల మూటలు సర్దుతున్నాడు. నేను చూసి వచ్చేశాను. ఇంట్లో చెప్తే నాయన అన్నం తింటున్నవాడల్లా చెయ్యి ఆపి, "ఆ పొద్దు కాటా దగ్గర నలుగురు రైతులుండిరి. మిషన్ తప్పని వాళ్ళకీ తెల్సు. ఒక్కడూ నోరు తెరవల్యా" అన్నాడు. అంతే, మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.

మర్నాడు పోయి ఆ కుర్రాడికి అన్నీ చెప్పాను. వరద సంగతి, కనెక్టర్లు విప్పి శుభ్రం చేయించమని, ముఖ్యంగా ఎయిర్‌బ్యాగుల వైరింగ్ చూపించమని. ఎయిర్‌బ్యాగ్ లైటు అప్పుడప్పుడూ వెలుగుతోందట, డీలర్ సెన్సార్ ప్రాబ్లం అని చెప్పాడట. అంతా విని ఒకటే అడిగాడు.

"నీకు ఏప్రిల్లోనే తెల్సా అన్నా?"

తెలుసు అన్నాను.