మా మెటాడోరు, అత్తయ్యగారి అన్నవరం

క్యాంపర్ వ్యాను అనగానే మీకేం గుర్తొస్తుందండీ? నాకైతే సినిమాల్లో కనిపించే ఫోక్స్‌వ్యాగన్ బండే. గుండ్రటి లైట్లు, రెండు రంగులు, కిటికీలకి పువ్వుల పరదాలు. 1947లో బెన్ పోన్ అనే డచ్చి వ్యాపారి కాగితం మీద గీసిన చిన్న బొమ్మలోంచి ఆ బండి పుట్టిందట. 1950లో జర్మనీలో తయారీ మొదలైంది. మరుసటి ఏడాదే వెస్ట్‌ఫాలియా అనే కంపెనీ అందులో మంచమూ, అల్మరా అమర్చి ఇల్లు చేసేసింది. అరవైలు, డెబ్బైల్లో కుర్రకారు ఇలాంటి వ్యాన్లేసుకుని ఇస్తాంబుల్, కాబూల్ మీదుగా మన దేశం దాకా వచ్చేవాళ్ళు.

మావారికి ఈ పిచ్చి కరోనా రోజుల్లో పట్టుకుంది. చెరువు గట్టు నుంచి వచ్చి, భోంచేసి, రాత్రి పన్నెండు దాకా ఫోనులో పాత వ్యాన్లే. ఇల్లు మండవల్లిలో, చేపల చెరువులు కొల్లేటి పక్కన, కలేమో జర్మనీ వ్యాను మీద! నేను నవ్వి ఊరుకునేదాన్ని.

ఆ నవ్వు ఎక్కడ ఆగిందో చెప్తాను. మా అత్తయ్యగారికి డెబ్బై నాలుగు. షుగరుంది. గంటకోసారి బాత్రూముకి వెళ్ళాలి. ఆరేళ్ళుగా ఆవిడ ఏ ఊరూ రాలేదు. మేనకోడలి పెళ్ళికి కూడా "నాకు ఓపిక లేదమ్మాయ్" అనేశారు. ఓపిక కాదు, అసలు సంగతి బాత్రూము. మనకి తెలియనిదా? ప్రయాణం ఉందంటే పొద్దుట్నుంచి మంచినీళ్ళు మానేయని ఆడవాళ్ళు మనలో ఎంతమంది? మగవాళ్ళకి రోడ్డు పక్కన ఏ చెట్టయినా సరిపోతుంది. ఆవిడ అన్నవరం మొక్కు ఒకటి మా పెద్దాడు పుట్టినప్పటి నుంచీ ఉండిపోయింది. వాడిప్పుడు ఇంజనీరింగు మూడో ఏడు.

"ఏవండీ, మీ వ్యానులో బాత్రూము పడుతుందా?" అని ఒకరోజు అడిగాను. ఆయన ఫోను పక్కన పెట్టేశారు.

విదేశీ బండి సంగతి తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. మన దేశంలో వింటేజ్ అనే మాటకి చట్టంలో అర్థముంది. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న సొంత బండే వింటేజ్. దానికి "వీఏ" అక్షరాలతో వేరే నెంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. కానీ ఆ బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు పోయించడానికో, రిపేరుకో తప్ప రోడ్డెక్కించకూడదు. చూసి మురిసిపోవడానికైతే సరే. అత్తయ్యగారిని అన్నవరం తీసుకెళ్ళడానికి పనికిరాదు.

అప్పుడు మావారికి మెటాడోరు గుర్తొచ్చింది. నా వయసు వాళ్ళకి ఈ బండి గురించి చెప్పక్కర్లేదు. పెళ్ళివాళ్ళు దిగింది అందులోంచే, చేపల బుట్టలు స్టేషనుకి చేరింది అందులోనే. ఏ వ్యాను కనబడినా మెటాడోరే అనేవాళ్ళం. బజాజ్ టెంపో వాళ్ళు పూనాలో చేసేవారు. 2005లో ఆ కంపెనీ పేరు ఫోర్స్ మోటార్స్ అయింది. నాకు ఆశ్చర్యం వేసిన విషయం ఏంటంటే, దీని పుట్టిల్లు కూడా జర్మనీయే. అక్కడ హానొమాగ్ అనే కంపెనీ చేసిన వ్యానుకి మనది చెల్లెలు. ఆ అక్కగారు తరవాత బెంజి పేరుతో కూడా అమ్ముడుపోయింది, అక్కడివాళ్ళు దాన్ని క్యాంపరుగా మార్చుకుని తిరిగారు. ఇంజను బలం ముందు చక్రాలకే వెళ్తుంది కాబట్టి వెనక నేల కిందికి ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి తేలిగ్గా ఎక్కొచ్చు. నాకు అదొక్కటి చాలు.

తాడేపల్లిగూడెంలో ఒక పెద్ద కుటుంబం వాళ్ళ దగ్గర 1994 మోడల్ ఉందని తెలిసింది. ఏపీ 37 నెంబరు, అంటే పాత పశ్చిమ గోదావరి. తెల్ల ప్లేటు, సొంత బండి. పసుపు ప్లేటైతే ముందు దాన్ని ప్రైవేటుకి మార్పించుకోవాలి, అదో పెద్ద పని. అడిగింది లక్షా అరవై, తెగింది లక్షా నలభై.

బయట బేరం ఒక గంటలో అయిపోయింది. ఇంట్లో బేరానికి నెల పట్టింది.

మొదటిది డబ్బు. అది నా చీటీ డబ్బు, మూడు లక్షల యాభై వేలు. అమ్మాయికి గొలుసు చేయించాలని అందరూ అనుకుంటున్నారు. "బంగారం పెరుగుతుంది, ఇనుము తుప్పు పడుతుంది" అన్నారు మా ఆడపడుచు. ఆవిడ మాట అబద్ధం కాదు. నాకు అమ్మాయే సాయం వచ్చింది. "నాయనమ్మ గొలుసు కట్టుకుని అన్నవరం వెళ్ళలేదు కదత్తా" అంది.

రెండోది పేరు. నడిపేది ఆయన కాబట్టి బండి ఆయన పేరునే అని అందరి లెక్క. ఇల్లు మామయ్యగారి పేరున, చెరువు ఆయన పేరున, స్కూటరు అబ్బాయి పేరున. "చీటీ కట్టింది నేను, ఆర్‌సీ నా పేరునే" అన్నాను. మావారు ఒక్క నిమిషం చూసి "సరే రాయించు" అన్నారు. ఇరవై రెండేళ్ళ కాపరంలో నా పేరున్న మొదటి ఆస్తి, నాకంటే పదిహేనేళ్ళు చిన్న బండి.

మూడోది వంట. మావారు గీసిన ప్లానులో గ్యాసు పొయ్యి, సింకు, పోపుల డబ్బాకి అర, గ్రైండరుకి చోటు. "ఏవండీ, నాకు బండి కొంటున్నారా, చక్రాలున్న వంటిల్లు కొంటున్నారా?" అని అడిగాను. పొయ్యి తీసేశాం. మూసిన బండిలో గ్యాసు మంచిది కాదు కూడా. దారిలో పులిహోర, దద్దోజనం, లేకపోతే హోటలు. టీ కావాలంటే ఆయనే దిగి తెస్తారు. ఇది మాటగా కాదు, ప్లాను కాగితం మీదే రాయించాను.

ఇక కొనేముందు ఏం చూశామో చెప్తాను, మీలో ఎవరికైనా పనికొస్తుంది. మా కైకలూరు మేస్త్రీని వెంట తీసుకెళ్ళాం. అసలు ముందు ఆయన్నే అడిగాం, "ఈ బండి నువ్వు బాగుచేయగలవా?" అని. ఆయన కాదంటే కొనేవాళ్ళం కాదు. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్న సామెత వింటూ పెరిగాం కదా. ఆయన రంగు వైపు చూడనే లేదు. చాప పరుచుకుని బండి కిందికి దూరి, స్క్రూడ్రైవరుతో నేలంతా పొడిచి చూశారు. రెండు చోట్ల లోపలికి దిగింది. మన కొల్లేటి గాలికి ఇనుము అలాగే అవుతుంది. ఛాసిస్ గట్టిగా ఉంది, కాబట్టి ముందుకెళ్ళాం. చల్లారిన ఇంజనునే స్టార్టు చేయించారు. ముందే వేడి చేసి ఉంచితే జబ్బు బయటపడదట. టైర్లకి గాడులు బాగానే ఉన్నాయి, పక్కలు మాత్రం బీటలు వారాయి. మార్చాల్సిందే అన్నారు.

కాగితాలు నేను చూశాను. ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిపోవాలి. అప్పు ఉంటే తీరినట్టు రాసి ఉండాలి. చలానాలు బాకీ ఉండకూడదు. 29, 30 నెంబర్ల ఫారాల మీద సంతకాలయ్యాక అమ్మినవాళ్ళు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాళ్ళు ముప్పై రోజుల్లో ఆఫీసుకి తెలపాలి. సొంత బండికి పదిహేనేళ్ళు దాటాక అయిదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. మాది 2029 దాకా ఉంది. 2025లో ఫీజులు పెంచారు, ఇరవై ఏళ్ళు దాటిన కారు తరగతి బండికి 10,000. గ్రీన్ ట్యాక్సు వేరే. ఢిల్లీలోలా పాత డీజిలు బండ్ల మీద నిషేధం మనకి లేదు. అప్పటికి ఉంటుందో లేదో అనుకుని ఆ డబ్బు ఇప్పటి నుంచే నెలకింత దాస్తున్నాను.

ఇంకో సంగతి. బండి స్వరూపాన్ని మన ఇష్టానికి మార్చేయకూడదు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. అందుకని దేన్నీ బండికి బిగించలేదు. వడ్రంగి చేత టేకు పెట్టె మంచం చేయించాం, ఇద్దరు పట్టుకుంటే బయటికొస్తుంది. సర్జికల్ షాపులో దొరికే కమోడ్ కుర్చీ, కింద మూత ఉన్న బకెట్టు, చుట్టూ నా పాత వెంకటగిరి చీరల పరదా. మన వెస్ట్‌ఫాలియా అంతే!

నేల అతుకు, బ్రేకు గొట్టాలు, నాలుగు టైర్లు, వైరింగు, రేడియేటరు కలిసి లక్షా ఎనభై అయిదు వేలు. మంచమూ, కమోడ్ కుర్చీ పన్నెండు వేలు. బండి ధర కంటే బాగుచేయించిందే ఎక్కువ. పాత బండి కొనేటప్పుడు జేబులో సగం డబ్బు మిగిలి ఉండాలని మేస్త్రీ ముందే చెప్పారు. విన్నాం కాబట్టి అప్పు చేయలేదు.

ముందు ఆటపాక దాకా వెళ్ళి కొంగల్ని చూసొచ్చాం, బండికి పరీక్షలా. తరవాత అన్నవరం. భీమవరం, రావులపాలెం, రాజమండ్రి మీదుగా సుమారు 200 కిలోమీటర్లు. గంటకి యాభై దాటకుండా ఏడు గంటలు పట్టింది. అందరూ మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయారు. ఆకివీడు దాటాక అత్తయ్యగారు "అమ్మాయ్, మజ్జిగ ఉందా?" అన్నారు. గ్లాసు నిండా పోసిచ్చాను. మొత్తం తాగేసి ఇంకో సగం అడిగారు. ప్రయాణంలో ఆవిడ ఏదైనా అడిగి తాగడం నేను చూడటం అదే మొదలు. దారిలో అయిదుసార్లు ఆగాం. ఎవరూ విసుక్కోలేదు. రత్నగిరి కింద దీపాలున్న చోట బండి పెట్టి పడుకున్నాం, పొద్దున్నే దేవస్థానం బస్సులో కొండెక్కి వ్రతం చేయించుకున్నాం.

తిరుగు ప్రయాణంలో రాజమండ్రి దగ్గర హీటరు ప్లగ్గు పోయి గంటన్నర ఆగిపోయాం. ఆడపడుచుకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. అత్తయ్యగారు ఆ గంటన్నరా మంచం మీద కూర్చుని, ప్రసాదం ఆకు విప్పి తలా కొంచెం పెడుతూ, "శ్రీశైలం ఎంత దూరం ఉంటుందిరా?" అని వాళ్ళబ్బాయిని అడుగుతున్నారు.

ఘాటు రోడ్డుకి బ్రేకులు మళ్ళీ చూపించాలి. మేస్త్రీ వచ్చే సోమవారం రమ్మన్నారు.