ఒరిజినల్ ఆకుపచ్చ ఏది?

ఆకుపచ్చ అంటే ఆకుపచ్చే కదా, అందులో మళ్ళీ రకాలేంటి అనుకునేవాణ్ణి. ఇంజనీరింగ్ నాలుగేళ్ళు, ఉద్యోగం ఆరేళ్ళు... ఇన్నాళ్ళలో రంగంటే నాకు తెలిసింది ఆరు అక్షరాల హెక్స్ కోడే. డిజైనర్ ఇస్తాడు, మనం అతికిస్తాం, అయిపోయింది. అలాంటివాణ్ణి ఒక పాత గడ్డి కోసే మిషను రంగు కోసం మూడు నెలల శనివారాలు ధారపోశానంటే మా టీమ్‌లో ఎవరూ నమ్మలేదు. మీరూ నమ్మక్కర్లేదు గానీ, చదవండి :-)

నేనుండేది ఇంగ్లండులోని ఇప్స్‌విచ్‌లో. పక్కనే మార్టిల్‌షామ్‌లో ఉన్న టెలికాం ప్రాజెక్టుల పుణ్యమా అని ఈ ఊరు మనవాళ్ళలో చాలామందికి పరిచయమే. నాకు గది అద్దెకిచ్చిన పెద్దాయనకి డెబ్భై ఎనిమిదేళ్ళు. పేరు పెట్టి పిలవమంటారు, నాకేమో నోరు రాదు. అందుకని ఏ పేరూ లేకుండానే నెట్టుకొస్తున్నా. ఇంటి వెనక చిన్న తోట, తోట చివర చెక్క షెడ్డు, షెడ్డు మూలన గోనెపట్టా కింద ఆ మిషను. దానికి పెట్రోలూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. మనిషి నెడితే రోలరు తిరుగుతుంది, దాంతోపాటు ముందున్న వంకర బ్లేళ్ళు గిర్రున తిరిగి, కింద ఉన్న ఇనప పట్టీకి గడ్డిని ఆనించి కత్తెరలా కత్తిరిస్తాయి. యుద్ధానికి ముందు వాళ్ళ నాన్నగారు కొన్నారట.

"దీన్ని బాగు చేద్దాం. రంగు మాత్రం పాతదే ఉండాలి" అన్నారు ఒక శనివారం. నాకూ వేరే పనేం లేదు. సరే అన్నా.

ఈ మిషనుకీ ఈ ఊరికీ బంధం చాలా పాతది. 1830లో స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన లాన్ మోవర్‌కి పేటెంటు తీసుకున్నాడు. ఉన్ని మిల్లులో బట్ట మీద లేచిన నూగుని కత్తిరించే యంత్రాన్ని చూసి, గడ్డికి కూడా ఇదే పని చెయ్యొచ్చు కదా అనుకున్నాడన్నమాట. ఇప్స్‌విచ్‌లోని రాన్సమ్స్ కంపెనీ 1832 నుంచే లైసెన్సు తీసుకుని తయారు చెయ్యడం మొదలుపెట్టింది. మా షెడ్డులో ఉన్నదీ రాన్సమ్స్‌దే.

రంగు కనుక్కునే బాధ్యత నాకప్పగించారు. సాఫ్ట్‌వేర్ వాడి బుర్ర కదా, ఫోన్‌లో ఫొటో తీసి కలర్ పికర్‌లో పెట్టా. షెడ్డులో ఒక కోడ్ వచ్చింది, బయట ఎండలో ఇంకోటి, మబ్బు పట్టాక మరోటి. అయిదు ఫొటోలు, అయిదు కోడ్‌లు! తప్పు ఫోన్‌ది కాదు. కెమెరా తన ఇష్టం వచ్చినట్టు వెలుతురుని సవరించుకుంటుంది, పైగా నేను కొలుస్తున్నది రంగుని కాదు, దాని మీదున్న ఎనభై ఏళ్ళ మురికినీ, నూనెనీ, తుప్పునీ.

తర్వాత షేడ్ కార్డులు. జర్మనీ వాళ్ళ రాల్ పట్టిక 1927లో మొదలైంది, బ్రిటిష్ స్టాండర్డ్ 381 వచ్చింది 1930లో. ఈ రెండో దాంట్లో బ్రున్స్‌విక్ గ్రీన్ అనే రంగే మూడు రకాలు... 225 లేతది, 226 మధ్యస్తం, 227 ముదురు. కార్డు పట్టుకుని మిషను చుట్టూ తిరిగా. ముందు వైపు ఒక షేడ్‌కి దగ్గరగా ఉంది, పక్కన ఇంకోదానికి, హ్యాండిల్ మొదట్లో దేనికీ లేదు.

ఎందుకిలా అని చదివితే అసలు కథ తెలిసింది. ఆ రోజుల్లో ఇంగ్లండులో యంత్రాలకి విరివిగా వేసిన ఈ తరహా ఆకుపచ్చలో అసలు ఆకుపచ్చ పదార్థమే ఉండదు! ప్రష్యన్ బ్లూ అనే నీలాన్ని, క్రోమ్ ఎల్లో అనే పసుపుని కలిపి చేసేవాళ్ళు. క్రోమ్ ఎల్లో అంటే లెడ్ క్రోమేట్, సీసం ఉన్నది. వెలుతురు తగిలేకొద్దీ అది నల్లబడుతుంది. అంటే ఎండ తగిలిన చోట ఒక రంగు, తగలని చోట ఇంకో రంగు. కాబట్టి బయటి రంగుని నమ్మకూడదు. నేమ్‌ప్లేట్ కింద, బోల్టు తల కింద... ఎండా, వానా, చెయ్యీ తగలని చోట వెతకాలి.

పెద్దాయనకి తెలిసిన పద్ధతి ఒకటుంది. రూపాయి బిళ్ళంత చోట వాటర్ పేపర్‌తో గుండ్రంగా, మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ రుద్దాలి. చెట్టు మొదలు నరికితే వలయాలు కనపడతాయే, అలా ఒక్కో పొరా ఒక్కో రింగులాగా బయటపడుతుంది. పాత రంగులో సీసం ఉంటుంది కాబట్టి పొడిగా రుద్దకూడదు. తడిపి, మాస్క్ పెట్టుకుని రుద్దాలి.

ఇక్కడే నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. ముందు మురికి వదిలిద్దామని థిన్నర్‌లో గుడ్డ ముంచి గట్టిగా తుడిచా. ఒక పక్క నల్లటి జిడ్డు కింద కంపెనీ పేరు బంగారు రంగు అక్షరాల్లో ఉందని నాకు తెలీదు. గుడ్డ తీసి చూస్తే సగం పేరు గుడ్డ మీదకొచ్చేసింది. ఎనభై ఏళ్ళు ఎండకీ వానకీ తట్టుకున్న అక్షరాలు నా చేతిలో పది సెకన్లు ఆగలేదు. ప్రొడక్షన్ సర్వర్‌లో బ్యాకప్ లేకుండా డిలీట్ కొట్టినవాళ్ళకి ఆ కడుపులో చల్లదనం తెలుసు. ఇక్కడ రీస్టోర్ చెయ్యడానికి ఏమీ లేదు.

పెద్దాయన ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మిగిలిన అక్షరాల మీద వేలు పెట్టి చూసి, "టీ తాగుదామా" అన్నారు. తిట్టుంటే బాగుండేది.

తర్వాతి వారం నుంచి నేను ఫొటో తియ్యకుండా, నోట్స్ రాసుకోకుండా దేన్నీ ముట్టుకోలేదు. గుండ్రంగా రుద్దితే మధ్యలో ఇనుము, దాని చుట్టూ ప్రైమర్, దాని చుట్టూ ఒక ఆకుపచ్చ, దాని మీద ఇంకో ఆకుపచ్చ. రెండు! లోపలిది మేమనుకున్న దానికన్నా చాలా కాంతిగా ఉంది. పైది ముదురు, దాదాపు నలుపు. పైపొరలో కుంచె గీతలు, ఒకచోట కుంచె వెంట్రుక కూడా అతుక్కుని ఉంది. ఫ్యాక్టరీలో వేసింది కాదది.

నేను ఎగిరి గంతేశా. "దొరికింది! ఇదే ఒరిజినల్" అని లోపలి రంగు చూపించా. నా వాదన సింపుల్... ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే వెర్షన్ 1.0, మిగతావన్నీ ప్యాచ్‌లు.

ఆయన చాలాసేపు చూశారు. "ఈ రంగు నేనెప్పుడూ చూడలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇది ముదురుగానే ఉంది. నువ్వు చూపించేది కంపెనీ మిషను. మా నాన్న మిషను కాదు" అన్నారు.

దీనికి ఏం సమాధానం చెప్పాలి? రెండు వారాలు వాదించుకున్నాం. పాతకాలపు యంత్రాలు బాగుచేసేవాళ్ళలో ఎక్కువమంది నా వైపే ఉంటారు. కానీ ఒరిజినల్ అనగానే ఎప్పటి ఒరిజినల్ అని అడగాలని నాకు తట్టనే లేదు. స్పెక్ రాసుకోకుండా కోడ్ మొదలుపెట్టేశానన్నమాట. చివరికి నేనే ఒప్పుకున్నా. మిషను ఆయనది, జ్ఞాపకం ఆయనది.

మరి ఆ ముదురు రంగు అసలు ఎలా ఉండేది? మిషను మీదున్నది ఎండకి మారిపోయిందాయె. దానికి జవాబు షెడ్డు తలుపులో దొరికింది. నాన్నగారు అదే డబ్బాతో తలుపుకి కూడా వేశారేమోనని ఆయనకి అనుమానం. తలుపు మీద ఇప్పుడు తెల్ల రంగే ఉంది గానీ, మడతబందు విప్పితే దాని కింద అగ్గిపెట్టెంత మేర ముదురు ఆకుపచ్చ, నిన్న వేసినట్టు! ఒక చిక్కేంటంటే నూనె రంగులు చీకట్లో ఉంటే కాస్త పసుపెక్కుతాయి. వెలుతురులో పెడితే ఆ పసుపు చాలావరకు పోతుంది. అందుకని చిన్న పెచ్చు తీసి కిటికీలో రెండు వారాలు ఉంచాం.

ఆ పెచ్చు పట్టుకుని పెయింట్ షాపుకెళ్ళాం. అక్కడ స్పెక్ట్రోఫొటోమీటర్ ఉంది. 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఏ కాంతి ఎంత వెనక్కి వస్తోందో కొలిచి ఫార్ములా ఇస్తుంది. షాపులో ట్యూబులైటు కింద పెచ్చుకీ, కలిపిన రంగుకీ తేడా లేదు. ఇంటికొచ్చి తోటలో చూస్తే కొత్తది నీలంగా కనపడింది! దీన్ని మెటామెరిజం అంటారు. సీసం ఉన్న ఆ పాత పసుపు ఇప్పుడు మామూలు డబ్బాల్లో ఉండదు, వేరే రంగులతో సర్దుతారు. దినుసులు వేరైనప్పుడు ఒక వెలుతురులో కలిసినవి ఇంకో వెలుతురులో కలవవు. మళ్ళీ వెళ్ళి, పగటి వెలుతురుకి కుదిరే ఫార్ములా అడిగి, రేకు ముక్కల మీద రెండేసి కోట్లు వేసి, పూర్తిగా ఆరాక పొద్దున, సాయంత్రం, షెడ్డు బల్బు కింద చూసుకున్నాం. మూడో రేకు ఒప్పుకున్నారు ఆయన.

మిషను మొత్తానికి వెయ్యలేదు. ముందుండే గడ్డి డబ్బా బాగా తుప్పు తినేసింది కాబట్టి దానికి మాత్రం పూర్తిగా వేశాం, కుంచెతోనే. మిగతా ఒంటికి తుప్పు ఆపి, నూనె పట్టించి వదిలేశాం. నేమ్‌ప్లేట్ కింద ఆ కాంతి ఆకుపచ్చని ముట్టుకోలేదు. రేపెవరికైనా వెర్షన్ 1.0 కావాలంటే అక్కడుంది.

చెరిగిన అక్షరాల స్టిక్కరు కొత్తది కొనిస్తానన్నా. వద్దన్నారు. "ఉండనీ. మా నాన్న తన కుంచె వెంట్రుక వదిలాడు, నువ్వు ఇది వదిలావు" అన్నారు నవ్వుతూ. నాకు మాత్రం ఇప్పటికీ అటువైపు చూస్తే నవ్వు రాదు.

మొన్న ఇంటికి ఫోన్ చేస్తే, వీధి తలుపుకి పాత రంగంతా గీకించి కొత్తగా వార్నిష్ వేయిస్తున్నామని చెప్పాడు నాన్న.

"మడతబందుల కింద మాత్రం గీకొద్దని చెప్పు నాన్నా" అన్నా.

"ఏరా, ఉద్యోగం చేస్తున్నావా, పెయింటింగ్ పనికి కుదిరావా?" అన్నాడు.