పదో మనిషి

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున న్యూజెర్సీలో ఒక శ్మశానానికి వెళ్ళొచ్చా. కంగారు పడకండి, ఎవరూ పోలేదు. మా టీములో ఆర్కిటెక్టు ఒకాయన యూదుడు, వాళ్ళ నాన్నగారు పోయి ఏడాదైంది. ఇక్కడి యూదుల్లో చాలామంది ఏడాది దగ్గరపడ్డాక అయినవాళ్ళని పిలిచి, సమాధి రాయి మీద కప్పిన గుడ్డ తీస్తారు. దాన్ని అన్‌వీలింగ్ అంటారు. మనకి ఆవిష్కరణ అనగానే రిబ్బనూ, మంత్రిగారూ, మైకూ గుర్తొస్తాయి కదా, నేనూ అలాగే కోటు తొడుక్కుని బయల్దేరా. దారిలో పువ్వులు కొనబోయి, ఎందుకైనా మంచిదని గూగుల్లో చూస్తే వాళ్ళు సమాధికి పువ్వులు పెట్టరని తెలిసింది. బతికిపోయా.

ఈయనకీ నాకూ ఒక పాత లెక్క ఉంది. పోయిన చలికాలమంతా ఆయన క్యాలెండరు రోజూ సాయంత్రం నాలుగుంపావు నుంచి బ్లాక్. రిలీజున్నా సరే, కాల్ మధ్యలోంచి లేచి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు ప్రొడక్షన్లో డేటాబేసు పడుకుంది. అందరం తలలు పట్టుకుని కూర్చుంటే ఈయన మాయం! "గుడికెళ్ళడానికి ఇదా టైము" అని మేనేజరు దగ్గర సణిగా.

అసలు సంగతి తర్వాత తెలిసింది. తల్లో తండ్రో పోతే కొడుకు పదకొండు నెలలు రోజూ ప్రార్థనలో కద్దిష్ చదవాలి. (పన్నెండెందుకు కాదంటే, పరమ పాపికి శిక్ష పన్నెండు నెలలట. మా నాన్న అంత పాపి కాదని ఒక నెల తగ్గిస్తారు. ఈ లెక్క నాకు భలే నచ్చింది.) ఇంట్లో ఒక్కడే కూర్చుని చదివితే చెల్లదు, పదిమంది ఉండాలి. ఆ పదిమందిని మిన్యన్ అంటారు. చలికాలంలో పొద్దు గుంకేలోపు వాళ్ళు పోగయ్యే టైము అదీ.

సరే, శ్మశానం దగ్గరకొద్దాం. గేటు దగ్గర నా నెత్తికో చిన్న నల్ల టోపీ ఇచ్చారు. గాలికి అది నిలిస్తే ఒట్టు! రాయి మీద తెల్లటి పల్చని గుడ్డ కట్టి ఉంది. చుట్టూ ఆడా మగా కలిపి ఇరవైమంది దాకా ఉన్నాం. వాళ్ళది పాత పద్ధతి, మిన్యన్‌కి మగవాళ్ళే లెక్క. మనుషుల్ని ఒకటీ రెండూ అని లెక్కపెట్టకూడదట. పది మాటలున్న ఒక వాక్యం పలుకుతూ మనిషికో మాట చొప్పున చూసుకుంటారు. రబ్బై అలా పలుకుతూ వచ్చి నా పక్కాయన దగ్గర తొమ్మిదో మాట అన్నాడు. తర్వాత నేనే. బుద్ధిగా ఒక అడుగు ముందుకేశా కూడా. ఆయన నా భుజం మీద చెయ్యేసి మెల్లగా నవ్వి, దాటి వెళ్ళిపోయాడు.

యూదుణ్ణి కాదు కాబట్టి నేను లెక్కలోకి రాను. తెలియని విషయమేం కాదు, అయినా చెవులు వేడెక్కాయి. రావలసిన మేనమామ ఎక్కడో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. ఆర్కిటెక్టు ఏమీ అనకుండా రాయి వంకే చూస్తున్నాడు. రబ్బై నాలుగు వరసల అవతల ఎవరి సమాధి దగ్గరో ఒంటరిగా నిలబడ్డ ముసలాయన దగ్గరకెళ్ళి ఏదో అడిగాడు. ఆయన ఒక్క ప్రశ్నా వెయ్యకుండా కర్ర పోటేసుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

తర్వాత కార్యక్రమం పావుగంట కూడా పట్టలేదు. కీర్తనలు చదివారు, కొడుకు గుడ్డ తీశాడు. పోయినాయన పేరు "ఫలానావారి కుమారుడు" అని కలిపి పలుకుతూ రబ్బై ఒక ప్రార్థన పాడాడు. ఆఖర్న కద్దిష్. అది చాలావరకు అరమాయిక్ భాషలో ఉంటుంది, అంతా దేవుడి స్తుతే, చావు మాటే ఉండదు. మీటింగుల్లో గొంతు పెంచని మనిషికి సగంలో గొంతు పూడుకుపోయింది. ఆగినప్పుడల్లా ఆ ముసలాయన అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నాడు. అయిపోగానే వచ్చిన దారినే వెళ్ళిపోయాడు, పేరు కూడా చెప్పలేదు.

ఆయన వీపు చూస్తుంటే మా తాతయ్య గుర్తొచ్చాడు. 2023లో రాజమండ్రిలో పోయాడు. వీసా స్టాంపింగ్ స్లాటు దొరక్క నేను వెళ్ళలేదు, వాట్సాప్ వీడియోలో చూశా. నాన్న నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. పాడె బాబాయి, మావయ్య, పెదనాన్న కొడుకు మోశారు. నాలుగోవైపు, నేను ఉండాల్సిన చోట, ఎవరో చెక్కచొక్కా కుర్రాడు. 'ఆ నలుగురు' సినిమా చూసి ఏడ్చినవాణ్ణే, ఆ నాలుగోవాడెవరని ఒక్కసారీ అడగలేదు.

వెళ్ళేముందు అందరూ సమాధి మీద చిన్న చిన్న రాళ్ళు పెట్టారు. ఆర్కిటెక్టు నా చేతిలోనూ ఒకటి పెట్టాడు. పెట్టొచ్చాక ఆ డేటాబేసు రోజు సంగతి చెప్పి సారీ అన్నా. "ఏ రోజు?" అన్నాడు. నిజంగానే గుర్తులేదో, మర్యాదకన్నాడో మరి. గేటు దగ్గర పంపు కింద చేతులు కడుక్కుని బయటికొచ్చాం, అచ్చం మన దగ్గర లాగే.

ఇంటికి రాగానే నాన్నకి ఫోన్ చేసి అడిగా.

"ఆ అబ్బాయా? కింద పోర్షన్లో అద్దెకుండేవాడ్రా. దిగి అప్పటికి రెండు నెలలే. ఇప్పుడు కాకినాడలో ఉద్యోగం, ఖాళీ చేసి వెళ్ళిపోయాడు."

"నంబరుందా నాన్నా?"

"ఉండాలి. ఎందుకూ?"

"పంపించు."