తాలీం, సేహత్, ఒక పే స్లిప్పు

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. ఆ రోజుల్లో ఇంజనీరింగ్ పూర్తిచేసి అక్కడ నౌకరీలో చేరిన కుర్రాళ్లకు ఇప్పుడు యాభై దాటుతోంది. అదే భవనాల్లో నేల తుడిచినవాళ్లకు, గేటు దగ్గర నిలబడినవాళ్లకు, క్యాబులు నడిపినవాళ్లకు కూడా అదే ఉమర్. పక్కపక్కన నిలబెడితే మాత్రం ఒకరు భాయిజాన్‌లా, ఇంకొకరు దాదాజాన్‌లా కనిపిస్తారు. ఈ ఏరియాలో పనిచేస్తూ నేను రోజూ చూసేది ఇదే.

దీన్ని మనవాళ్లు "గరీబీ భాయ్, క్యా కర్నా" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. గరీబీ నిజమే, కానీ కిస్సా అంతటితో అయిపోదు. లండన్‌లో 1967లో సర్కారీ ములాజిమ్‌ల మీద వైట్‌హాల్ అధ్యయనం మొదలైంది. అందరివీ ఆఫీసు నౌకరీలే, ఎవరూ ఆకలితో లేరు. అయినా హోదాలో ఒక్కో మెట్టు దిగేకొద్దీ మరణాల రేటు పెరుగుతూ పోయిందని మైకేల్ మార్మోట్, ఆయన సాథీలు చూపించారు. అమెరికాలో ఆన్ కేస్, ఆంగస్ డీటన్ దంపతులు డిగ్రీ ఉన్నవాళ్ల ఆయుష్షుకూ లేనివాళ్ల ఆయుష్షుకూ మధ్య ఫాస్లా ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతోందని లెక్కగట్టారు.

చదువుకున్నవాళ్లకు బీమారీలు రావా? బరాబర్ వస్తాయి. మన హైదరాబాద్‌లోనే 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించిన ఒక అధ్యయనం 2025లో అచ్చయింది. వాళ్లలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉంది. కుర్చీ, బిర్యానీ, రాత్రి షిఫ్టు ఎవరి డిగ్రీనీ చూడవు. ఫరక్ ఎక్కడంటే, సాఫ్ట్‌వేర్ అబ్బాయికి కంపెనీ ఏటా టెస్టులు చేయిస్తుంది, రిపోర్టు ఫోన్‌కే వస్తుంది. ముప్పై ఐదేళ్లకే షుగర్ అంచున ఉన్నానని తెలిసి, కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో నడక మొదలుపెడతాడు. ఆయన క్యాబ్ డ్రైవర్‌కు అదే షుగర్ సంగతి కాలి పుండు మానకపోతే తెలుస్తుంది. మధ్యలో పోయిన పది, పదిహేనేళ్లు మళ్లీ రావు.

మా ఫ్లోర్‌లో హౌస్‌కీపింగ్ చేసే ఖాలా ఒకరున్నారు. రోజూ బోరబండ నుంచి ఎంఎంటీఎస్‌లో వస్తారు. ఉర్దూ మీడియంలో ఐదో తరగతి దాకా చదివారు. ఫజర్ తర్వాత ఖురాన్ తిలావత్ చేయని రోజు లేదు. ఒకరోజు పే స్లిప్పు చూపించి, "బేటా, ఈ పైసలు దేనికి కోస్తున్నారు?" అని అడిగారు. అవి ఈఎస్‌ఐ పైసలు. నెలకు 21 వేల లోపు జీతమున్న ములాజిమ్ నుంచి 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం కడతాడు. దానికి బదులుగా ఆ మనిషికీ కుటుంబానికీ ఇలాజ్ దొరకాలి. ఖాలా జీతంలో నాలుగేళ్లుగా కోస్తున్నారు. అదేమిటో ఏజెన్సీ ఆమెకు చెప్పలేదు. కళ్లు తిరిగినప్పుడల్లా ఆమె గల్లీ క్లినిక్‌లో ఐదారు వందలు ఇచ్చి, గ్లూకోజ్ ఎక్కించుకుని వచ్చేవారు.

స్లిప్పు మీదున్న నంబరుతో ఈ-పహచాన్ కార్డు తీసి, ప్రింటు ఆమె చేతిలో పెట్టాను. సనత్‌నగర్ ఈఎస్‌ఐ హాస్పిటల్‌లో పరీక్షలు చేశారు. షుగర్ చాలా ఏళ్లుగా ఉందట, గుర్దాలు అప్పటికే దెబ్బతిన్నాయి. "షుగర్ ఉంటే తెలియదా బేటా? నేను కాళ్ల నొప్పులనుకున్నా" అన్నారు. హాస్పిటల్ బోరబండకు దూరమేమీ కాదు. పైసలు కూడా నెలనెలా కట్టారు. అయినా ఆ స్లిప్పు అంగ్రేజీలో ఉంది.

సచార్ కమిటీ 2006లో, సుధీర్ కమిషన్ 2016లో మన తాలీం వెనకబాటు గురించి రాశాయి. మనం దాన్ని నౌకరీల లెక్కగానే చదివాం. నాకిప్పుడు అది ఆయుష్షు లెక్క కూడా అనిపిస్తోంది. ఖాలా కూతురు మైనారిటీ గురుకులంలో చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు అమ్మీ మాత్రల పట్టీలు చదివి, పొద్దుటివి ఒక డబ్బాలో, రాత్రివి ఒక డబ్బాలో సర్దుతుంది. ఆ ఇంట్లో ఫాస్లా అలా తగ్గుతోంది, కాకపోతే ఒక తరం ఆలస్యంగా.

ఆ పిల్ల డిగ్రీ దాకా అమ్మీ గుర్దాలు ఆగవు. అందుకే చదువుకున్న మన పిల్లలకు ఒక గుజారిష్. ఈ జుమా నమాజ్ అయ్యాక ఇంట్లో ఖాలా, మామూ, డ్రైవర్ భాయ్, ఎవరి స్లిప్పైనా ఒకసారి చదవండి. ఈఎస్‌ఐ ఉంటే కార్డు తీసివ్వండి. ముప్పై దాటినవాళ్లను బస్తీ దవాఖానాకు తీసుకెళ్లి బీపీ, షుగర్ చూపించండి. 2018 నుంచి మన బస్తీల్లో ఇవి ఉన్నాయి, ఫీజు లేదు. "నాకేం కాలేదు, అల్లా మాలిక్" అంటారు. అల్లాయే మాలిక్, ఇలాజ్ చేయించుకోవడం కూడా సున్నతే అని చెప్పి బండి ఎక్కించుకోండి. ఖాలా కోసం దువా చేయండి.