మోటారు దాకా కరెంటు వస్తోందా?

2023 ఫిబ్రవరిలో కారు రిజిస్ట్రేషన్ గడువు గుర్తుచేస్తూ కాలిఫోర్నియా మోటారు వాహనాల శాఖ (డీఎంవీ) నోటీసు వచ్చింది. ఈసారి స్మాగ్ (పొగ) పరీక్ష కూడా చేయించాలని అందులో ఉంది. అదే వారం డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. కాలిఫోర్నియాలో ఆ లైటు వెలుగుతున్న బండి స్మాగ్ పరీక్ష నెగ్గదు. పరీక్ష నెగ్గకపోతే రిజిస్ట్రేషన్ పూర్తికాదు. గడువు నాలుగు వారాలు.

మాది 2011 మోడల్ సెడాన్. 2017లో 9,500 డాలర్లకు సెకండ్‌హ్యాండ్‌లో, అప్పు లేకుండా కొన్నాం. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే తనిఖీకి 175 డాలర్లు తీసుకుని ఎస్టిమేటు చేతిలో పెట్టారు. గాలి పంపు 690, దాని వాల్వు 380, కూలి 570, మొత్తం 1,640 డాలర్లు. "పాత బండి మీద ఇంత పెట్టడం దేనికి, మార్చేయండి" అని సలహా కూడా ఇచ్చారు. ఆ రాత్రి నేనూ మా ఆవిడా కూర్చుని లెక్క వేశాం. 28,000 అప్పు, 6.5 శాతం వడ్డీ, 60 నెలలు అంటే నెలకు 548 డాలర్లు. అయిదేళ్లలో వడ్డీయే 4,870 దాటుతుంది. పైగా అప్పు మీద కొన్న బండికి పూర్తి ఇన్సూరెన్సు తప్పదు. అంత లెక్క కళ్లముందు ఉన్నా, నిజం చెప్పాలంటే, నేను కొత్త కారు వైపే మొగ్గాను. ఆ లైటు పెట్టిన భయం అలాంటిది.

ఆదివారం నాన్నకి ఫోన్ చేసినప్పుడు మాటల్లో ఈ సంగతి చెప్పాను. మార్కాపురం దగ్గర మా పొలంలో బోరు మోటారుతో ముప్పై ఏళ్లు వేగిన మనిషి. "పంపు పోయిందని ఎట్ట తెలిసింది? దాని దాకా కరెంటు వస్తందో లేదో చూసినారా?" అన్నాడు. మా ఊళ్లో మోటారు తిరగకపోతే చాలామంది వెంటనే పైకి లాగించి రీవైండింగ్‌కి పంపేవాళ్లు. నాన్న మాత్రం ముందు స్టార్టర్ మూత తీసి కాంటాక్టులు చూసేవాడు. సగంసార్లు అవే కాలి ఉండేవి.

ఎస్టిమేటు కాగితం మళ్లీ తీసి చూశాను. తనిఖీ అన్నచోట ఒక్క కోడే ఉంది, పి0411. పంపు ఊదాల్సిన గాలి సరిగ్గా రావడం లేదని దాని అర్థం. ఎందుకు రావడం లేదో ఆ కోడు చెప్పదు. నేను 175 ఇచ్చింది ఆ 'ఎందుకు' కోసమే కదా!

చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు పెట్రోలు పూర్తిగా కాలదు. మిగిలిన ఆవిర్లను శుభ్రం చేయాల్సిన క్యాటలిటిక్ కన్వర్టర్ ఇంకా వేడెక్కి ఉండదు. అందుకని ఓ ఎలక్ట్రిక్ పంపు, పొగ ఇంజిన్ నుంచి బయటపడే చోటికి తాజా గాలి ఊదుతుంది. ఆ గాలికి మిగిలిన పెట్రోలు అక్కడే కాలి, కన్వర్టర్ కూడా త్వరగా వేడెక్కుతుంది. నిమిషం, నిమిషంన్నర పని, అంతే. ఈ పంపు చాలా కరెంటు లాగుతుంది కాబట్టి కారు కంప్యూటర్ దాన్ని నేరుగా నడపదు. మధ్యలో రిలే ఉంటుంది, మా బోరు స్టార్టర్ లాంటిదే. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున్నే దూరంగా మిక్సీ తిరుగుతున్నట్టు వినిపించే హోరు కొన్నాళ్లుగా లేదు.

కోడు రీడర్ 30, మల్టీమీటర్ 35 పెట్టి కొన్నాను. ఫ్యూజు బాగానే ఉంది. పంపు కనెక్టరు విప్పి, ఫ్యూజున్న వైరుతో బ్యాటరీ కరెంటు నేరుగా ఇస్తే పంపు గుర్రుమని తిరిగింది. 690 డాలర్ల పంపు పాడవలేదు! మర్నాడు పొద్దున చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి కనెక్టరు దగ్గర మీటరు పెడితే సున్నా.

ఇక్కడే నేను ఒక రోజు పోగొట్టుకున్నాను. రిలే టక్కుమంటోంది కాబట్టి అది బాగున్నట్టే అనుకుని వైర్ల వెంట పడ్డాను. టక్కుమనేది లోపలి కాయిలు లాగినప్పుడు. కరెంటు దాటాల్సింది కాంటాక్టుల మీదుగా. రిలేలోకి కరెంటు వచ్చే 30వ పిన్ను దగ్గర బ్యాటరీ వోల్టేజీ నిండుగా ఉంది, రిలే టక్కుమన్నా పంపు వైపు పోయే 87వ పిన్ను దగ్గర ఏమీ లేదు. మూత ఊడదీస్తే కాంటాక్టులు నల్లగా మాడి ఉన్నాయి. కొత్త రిలే 24 డాలర్లు.

అది మార్చి ఊరుకోలేదు. కాంటాక్టులు ఊరికే మాడవు. వాల్వు కారితే పొగలోని తేమ వెనక్కి వచ్చి పంపులో చేరుతుంది, పంపు బిగుసుకుని ఎక్కువ కరెంటు లాగుతుంది, రిలేనో ఫ్యూజో కాలుతుంది. పంపుకీ వాల్వుకీ మధ్య గొట్టం విప్పి చూశాను. నీళ్లు లేవు, మసి లేదు. అప్పటికి ఆ వాల్వు మీద 380 పెట్టడానికి కారణం కనిపించలేదు.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది, కోడు చెరిపేసి నేరుగా పరీక్షకి వెళ్లడం. కోడుతో పాటు కారు తనను తాను పరీక్షించుకున్న ఫలితాలు కూడా చెరిగిపోతాయి. కాలిఫోర్నియాలో 2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోలు కార్లలో పెట్రోలు ఆవిర్ల పరీక్ష ఒక్కటి తప్ప మిగతావన్నీ పూర్తయి ఉండాల్సిందే. ఈ గాలి పంపు పరీక్ష చల్లని ఇంజిన్‌తోనే జరుగుతుంది గనక అయిదు పొద్దులు ఓపిక పట్టి నడిపాను. ఆరో రోజు 60 డాలర్లు కట్టి పరీక్ష చేయించాను, నెగ్గింది. ఇంకో మాట. ఆదాయం తక్కువగా ఉన్నవాళ్లకి ఇలాంటి మరమ్మతుల్లో సాయం చేసే పథకం రాష్ట్రానికి ఉంది. మనవాళ్లలో చాలామంది దాని గురించి అడగను కూడా అడగరు.

మొత్తం ఖర్చు 324 డాలర్లు, అందులో 175 ఆ మొదటి కాగితానికే. ఎస్టిమేటులోని 1,640లో ఖర్చు కాకుండా ఉన్న 1,300ని మిగులు అనుకోలేదు. పన్నెండేళ్ల పంపు ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. ఆ డబ్బు విడిగా ఓ సేవింగ్స్ ఖాతాలో వేసి, నెలకు 60 చొప్పున కలుపుతూ వచ్చాను.

పద్నాలుగు నెలలకి మళ్లీ అదే కోడు. ఈసారి మీటరు పంపు దాకా వోల్టేజీ చూపించింది, పంపు తిరగలేదు, గొట్టంలోంచి నీళ్లు కారాయి. చిన్న గ్యారేజీలో పంపూ వాల్వూ వేయించాను. 1,180 డాలర్లు, ఆ ఖాతాలోంచే కట్టాను. బిగుసుకున్న పంపుని లాగి లాగి రిలే కూడా దెబ్బతిని ఉంటుందని ఇంకో 24 పెట్టి అదీ మార్పించాను.