కొల్లేటి లంకలకు వెళ్లేవారికి

కొల్లేరు చూడదలచితే ఎవరి సాయమును అక్కరలేదు. తాడేపల్లిగూడెం నుండి ఏలూరుకు రైలు, అక్కడనుండి కైకలూరుకు బస్సు చాలును. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడిన ఈ సరస్సులో గూడబాతులను చూచుటకు ఆటపాక మంచి చోటు. నవంబరు, మార్చి నెలల మధ్య ఉదయమే వెళ్లండి. పడవ ఎక్కకముందే బాడుగ మాటలాడుకొనండి. చీకటి పడకముందే తిరిగి రండి.

అన్నిటికన్న ముఖ్యముగా త్రాగునీరు వెంట తీసుకొని వెళ్లండి. ఒకసారి మేము వట్టి చేతులతో ఒక లంకకు వెళ్లాము. దాహమని అడిగితే ఒక తల్లి బిందె అడుగున మిగిలిన నీళ్లు వంచి ఇచ్చింది. చుట్టూ నీరే గాని, చెరువుల మురుగు కలిసి త్రాగ వీలులేనిది. మేము త్రాగినవి ఆమె కొన్న నీళ్లు. ఆమె పిల్లలకు ఏమి మిగిలినదో మేము అడుగలేదు. అది నేటికిని మమ్మును బాధించుచున్నది.