ధర మార్చేదెవరు?

ఇంట్లో పొడులూ తొక్కులూ చేసి అమ్ముకునేవారు మీలో చాలామందే ఉంటారు. బ్లౌజులు కుట్టేవారూ, ట్యూషన్లు చెప్పేవారూ ఉంటారు. "మీకూ ఒక వెబ్‌సైట్ ఉంటే బాగుంటుంది కదా" అని ఎవరో ఒకరు అనే ఉంటారు. మంచిమాటే! కాని అది ఎలా చేయించుకోవాలన్న దగ్గర నేను పడ్డ తంటాలు మీరు పడకూడదని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని, పొరపాట్లుంటే సర్దుకోండి.

మాది పటాన్‌చెరు దగ్గర ఇస్నాపూర్. మావారికి పాశమైలారంలో షిఫ్టు డ్యూటీ. నా మామిడికాయ తొక్కు, నువ్వుల పొడి, సంక్రాంతి సకినాలు కంది ఐఐటీ వైపు వాళ్ళు కూడా అడిగి పట్టుకెళ్తారు. అప్పట్లో ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి ఒక ఆదివారం కూర్చుని నా వెబ్‌సైట్‌ను చేత్తో రాసేశాడు. చేత్తో అంటే కలంతో కాదండీ! నోట్‌ప్యాడ్‌లో, హెచ్‌టీఎంఎల్ అనే పద్ధతిలో, మాటలకు ముందొక గుర్తు, వెనకొక గుర్తు పెట్టుకుంటూ. చుక్కలు పెట్టి ముగ్గు వేసినట్టే. ఒకటే పేజీ. పేర్లు, ధరలు, ఫోన్ నంబరు. ఎంత పాత ఫోన్‌లోనైనా ఇట్టే తెరుచుకునేది.

తర్వాత వాడికి పుణెలో ఉద్యోగం వచ్చింది. ఆ వేసవిలో మిరపకాయలూ నూనె ధరలూ పెరిగి, తొక్కు కిలో 380 నుంచి 460 చేశాను. పేజీలో మాత్రం 380 అలాగే కూర్చుంది. "ఆదివారం మారుస్తా అమ్మా" అన్నాడు. నాలుగు ఆదివారాలు పోయాయి. ఈలోగా ఒకావిడ అమెరికా వెళ్ళే కూతురి కోసం 6 కిలోలు కావాలని వచ్చి, పేజీ తీసి చూపించింది. ఏం చేస్తాను, పాత ధరకే ఇచ్చాను. 480 రూపాయలు పోయినందుకు కాదు, నా తొక్కు ధర నేను మార్చుకోలేకపోయానే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పుడు మా ఆడపడుచు కూతురు "అత్తమ్మా, వర్డ్‌ప్రెస్ పెట్టుకో" అని తనే పెట్టిచ్చింది. 2003లో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఇలాంటివాటిని కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టం అంటారట. రంధ్రాల ముగ్గు పళ్ళెం చూశారు కదా, పిండి పోసి రుద్దితే ముగ్గు పడుతుంది, అలాంటిదన్నమాట. అచ్చు ముందే ఉంటుంది, మాటలూ ఫొటోలూ మనం పోయాలి. అవన్నీ ఒక డేటాబేస్‌లో దాచుకుని, ఎవరైనా అడిగినప్పుడు పేజీ కూర్చి ఇస్తుంది. తెలుగు వికీపీడియా కూడా అదే 2003 డిసెంబరులో మొదలైంది. కోడు రానివాళ్ళు కూడా అందులో వేల వ్యాసాలు రాశారంటే వెనక ఇలాంటి ఏర్పాటు ఉండబట్టే.

నా సంబరం చెప్పలేను! పొయ్యి మీద పోపు వేగుతుండగానే ఫోన్‌లో ధర మార్చేదాన్ని. అక్కడితో ఆగితే బాగుండేది. బొమ్మలు కదలాలని ఒక ప్లగిన్, వచ్చినవాళ్ళను లెక్కపెట్టడానికి ఇంకొకటి తగిలించాను. పేజీ నత్తనడక పట్టింది. సంక్రాంతి సకినాల పనిలో పడి రెండు నెలలు అప్‌డేట్లు నొక్కనేలేదు. తుప్పు పట్టిన తాళం చూసినట్టు దొంగలు దూరారు. "అక్కా, సకినాలకని నొక్కితే పేకాట వస్తున్నదేంది?" అని ఫోన్! సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

సెలవుకొచ్చిన మా వాడితో "బిడ్డా, పాత పేజీయే మళ్ళీ పెట్టు. కాని నాకు నేర్పి పో" అన్నాను. సరుకుల చిట్టా పుస్తకం వెనక పేజీలో రాసుకున్నాను. మొదటిసారి సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోయింది! సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 అని ఎంచుకోవాలట, లేకపోతే ఆ పాత కంప్యూటర్‌లో మన అక్షరాలు నిలవవు.

ఏడాదికి నాలుగుసార్లు ధర మారే నాకు చుక్కల ముగ్గు చాలు. రోజూ కొత్త బ్లౌజు డిజైన్ పెట్టే మా పక్కింటావిడకు అచ్చే మేలు. కాకపోతే వారానికోసారి అప్‌డేట్లు చూసుకోమనీ, ఒక కాపీ వేరేగా దాచుకోమనీ ఆవిడను పోరుతుంటాను. ఎవరితో చేయించుకున్నా సైటు పేరు మీ పేరునే కొనండి. డబ్బిచ్చేముందు "ధర నేనెలా మార్చాలి?" అని అడిగి, ఎదురుగా ఒకసారి మీ చేత్తో మార్చి చూడండి.

మొన్న నువ్వుల పొడి ధర నేనే మార్చాను. లావు అక్షరాలు ఆపే గుర్తు పెట్టడం మరిచిపోయినట్టున్నాను, అక్కణ్నుంచి కింద పేజీ అంతా లావెక్కింది. మా వాడు పుణె నుంచి ఫోన్ చేసి "అమ్మా, అక్షరాలన్నీ గట్ల లావైనయేంది?" అన్నాడు.

"నా తొక్కు తిన్నయి కదరా, లావు కాక ఏమైతయి!" అని ఫోన్ పెట్టేసి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను.